విస్తరి మీద పడే వెలుగు

గుత్తివంకాయ కూర పొయ్యి దిగిన క్షణంలో ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వర్ణించి చెప్పక్కర్లేదు. చుట్టూ నూనె తేలి ఉంటుంది. కూరిన కారం చీలికల్లోంచి తొంగిచూస్తూ ఉంటుంది. తొక్క ముడతలు పడి, ముడత ముడతకీ ఒక మెరుపు ఉంటుంది. అదే కూరను వంటింటి ట్యూబులైటు కింద ఫోన్‌తో ఫొటో తీస్తే ఎక్కువసార్లు తేలేది ఒక మట్టిరంగు ముద్ద. కూర మారలేదు, వండిన చెయ్యి మారలేదు, మరి పోయిందేమిటి? వంటల ఫొటోగ్రఫీ మీద వచ్చే పాఠాలు దీనికి మూడు మాటల్లో జవాబు చెబుతాయి: వెలుగు, కూర్పు, వడ్డన. మూడింటినీ ఒకే గాటన కట్టి సూత్రాలు ఇస్తాయి. కిటికీ పక్కన పెట్టండి, ఫ్రేమును మూడు భాగాలు చెయ్యండి, పెద్ద తెల్ల పళ్లెంలో కొంచెమే వడ్డించి పైన ఓ ఆకు పెట్టండి అంటాయి. ఇక్కడే నా పేచీ. ఈ మూడూ ఒక జాతివి కావు. వెలుగు నడిచే తీరు భౌతికశాస్త్రం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎంతో అనకాపల్లిలోనూ అంతే. దాన్ని ఎక్కడ నేర్చినా మొత్తంగా తెచ్చుకోవచ్చు. కూర్పు సగం కంటికీ సగం అలవాటుకీ చెందింది, దాన్ని ఏరుకోవాలి. వడ్డన మాత్రం తినే పద్ధతిలోంచే పుట్టాలి. దాన్ని అరువు తెచ్చుకుంటే ఫొటోలో ఉన్నది మన వంటే అయినా మన భోజనం కాకుండా పోతుంది.

వెలుగుతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఈ కళ చరిత్రే అక్కడ మొదలైంది. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844 నుంచి 1846 దాకా భాగాలుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ పుస్తకంలో చిట్టచివరి చిత్రం బుట్టల్లో పేర్చిన పండ్లది. ఫొటోలో పడాలంటే వస్తువు చాలాసేపు కదలకుండా ఉండాల్సిన కాలం అది. పండు కదలదు గనక కెమెరాకు తొలి నేస్తాల్లో ఒకటైంది. అప్పటి రసాయనాలు నీలి కాంతికి బాగా స్పందించేవి, ఎరుపు విషయంలో దాదాపు గుడ్డివి. పండుమిరపకాయను తీస్తే నల్లగా పడేది. అంటే రంగు ఊతం ఏమాత్రం లేకుండా, వెలుగు నీడలతోనే పండుకు గుండ్రదనం, తొక్కకు నునుపు తేవలసి వచ్చేది. దాదాపు ఎనభై అయిదేళ్ల తర్వాత, 1930లో, అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ ఒక క్యాప్సికం కాయను తగరపు గరాటు మూతిలో పెట్టి తీసిన నలుపు తెలుపు చిత్రం, ‘పెప్పర్ నంబర్ 30’, ఆ పాఠాన్ని చివరి మెట్టు దాకా తీసుకుపోయింది. పక్కన చెంచా లేదు, వెనక పూలకుండీ లేదు, కాయ తప్ప మరొకటి లేదు. గరాటు లోపలి వంపు వెలుగును మళ్లించి కాయ పక్కలను తడిమింది, అంతే. వంటల ఫొటోకు ఖరీదైన సరంజామా కావాలనేవారికి నేను చూపించేది ఈ గరాటునే. ఇవాళ మనం థర్మకోల్ అట్ట నిలబెట్టి చేసే పని ఆనాడు అది చేసింది.

కంటికి నోరూరించేది నిజంగా వెలుగేనా, రంగు కాదా అన్న అనుమానం సహజం. దీని మీద కొంత పరిశోధన ఉంది. 2007లో మోటోయోషి, అడెల్సన్, వారి సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక సంగతి చూపించారు. ఒక ఉపరితలంలో ఎక్కువ భాగం ముదురుగా ఉండి, కొద్దిచోట్ల మాత్రమే చురుకైన తెల్లటి చుక్కలుంటే కన్ను దాన్ని నిగనిగలాడేదిగా చదువుతుంది. 2010లో వాడా, ఆయన బృందం జపాన్‌లో క్యాబేజీ ఆకుల చిత్రాలతో చేసిన పనిలో, ఆకు తాజాదా కాదా అని చూపరులు వేసే అంచనా ఆకు మీద వెలుగు ఎక్కడెంత పడిందన్నదాన్ని బట్టి మారుతుందని తేలింది. తాజా ఆకుకు చెమ్మ ఉంటుంది, వాడిన ఆకు పొడిబారుతుంది. ఆ తేడాను మన కన్ను మెరుపులోంచే పట్టుకుంటుంది. అయితే 2009లో ఆండర్సన్, కిమ్ అనే ఇద్దరు పరిశోధకులు మొదటి వాదానికి గట్టి సవరణ తెచ్చారు. తెల్లచుక్కలు ఎన్ని ఉన్నాయన్నది చాలదు, అవి ఉపరితలం వంపుతో సరిగ్గా పొందికగా కూర్చున్నప్పుడే మెరుపు మెరుపులా అనిపిస్తుంది, చోటు తప్పితే అవి మరకలవుతాయి అన్నారు. ఫొటో తీసేవారికి ఈ సవరణే ఎక్కువ విలువైంది. తీశాక యాప్‌లో కాంట్రాస్టు పెంచితే కూర ఎందుకు నిగారించదో ఇది చెబుతుంది. మెరుపు వంకాయ ముడత మీద, దాని వంపులోనే పుట్టాలి. అక్కడ పుట్టించగలిగేది వెలుగు వచ్చే దిక్కు మాత్రమే.

కెమెరా పక్కనుంచే, కళ్లు చూసే వైపునుంచే వెలుగు వస్తే నీడలన్నీ వస్తువు వెనక్కి పోయి దాక్కుంటాయి. గరుకు చదునవుతుంది, లోతు పోతుంది. ఫోన్‌కున్న ఫ్లాష్ తిండికి పనికిరాకపోవడానికి కారణం ఇదే; పైగా అది గింజంత దీపం కాబట్టి నూనె మీద సూదిమొనల్లాంటి చుక్కలు తెస్తుంది. వెలుగును పక్కకు జరిపితే ఇడ్లీ మీది సన్నటి రంధ్రాలు, సకినం మీది నువ్వు గింజలు, సర్వపిండిలో వేలితో పొడిచిన గుంటలు ఒక్కొక్కటీ తన చిన్న నీడతో లేచి నిలబడతాయి. ఇంకా వెనక్కి జరిపి, పళ్లేనికి అవతలి నుంచి మనవైపు వచ్చేట్టు చేస్తే తడి వంటలు మేలుకుంటాయి. వెలుగు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో తిరిగి లేస్తుంది. వెనక నుంచి వాలుగా వచ్చిన కాంతి పులుసు మీద పడి సూటిగా లెన్సులోకి జారుతుంది. చారు మామూలుగా గోధుమరంగు నీళ్లలా పడే పదార్థం. గాజు గిన్నెలో పోసి వెనక వెలుగు పెడితే లోపల ధనియాల పొడి, మిరియాల నలుసులు, తాలింపు ఆవాలు కనిపిస్తాయి. ఆవిరి సంగతీ అంతే. ఆవిరిగా మనం చూసేవి సన్నటి నీటి తుంపరలు. వెనక నుంచి వెలుగు తగిలి, వెనకాల నేపథ్యం ముదురుగా ఉన్నప్పుడే అవి కంటికి ఆనతాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ వాటి ఫొటోల్లో ఎక్కువభాగం తెల్లకాగితపు చుట్టల్లా ఉంటాయి. బియ్యప్పిండి నీళ్లతో బోర్లించిన కుండ మీద తీసిన ఆ పొర గొప్పదనం దాని పల్చదనం. వెనక వెలుగు లేకుండా పల్చదనాన్ని చూపించడం ఎవరి తరమూ కాదు.

దిక్కు తర్వాత చూడాల్సింది వెలుగు ఎంత పెద్ద చోటునుంచి వస్తోందన్నది. ఎండ సూర్యబింబం నుంచి వస్తుంది, మన కంటికి ఆ బింబం చిన్నది. అందుకే ఏప్రిల్ మధ్యాహ్నపు నీడ కత్తితో కోసినట్టుంటుంది. అదే ఎండ కిటికీకి కట్టిన తెల్ల పంచె గుండా వస్తే వెలుగు పుట్టే చోటు పంచె అంత పెద్దదవుతుంది, నీడ అంచులు మెత్తబడతాయి. ఇక్కడ పెద్దది అంటే వస్తువుతో పోల్చి చూసినప్పుడు పెద్దది. కాబట్టి అదే కిటికీకి పళ్లేన్ని దగ్గరగా జరిపితే నీడ ఇంకా మెత్తనవుతుంది, దూరం జరిపితే కరుకవుతుంది. ఎదుటి పక్క మరీ చీకటిగా ఉంటే థర్మకోల్ అట్ట నిలబెట్టి కొంత వెలుగు వెనక్కి పంపొచ్చు. మరీ చదునుగా ఉంటే అక్కడే ఒక నల్ల చార్టు నిలబెట్టి నీడను చిక్కబరచొచ్చు. ఈ రెండోది మనవాళ్లు తక్కువగా వాడతారు, వాడవలసింది ఎక్కువ. ముద్దపప్పు, పెరుగన్నం, పాయసం లాంటి లేతరంగు వంటలకు నీడ దొరక్కపోవడమే అసలు సమస్య. స్టీలు పళ్లెం విషయంలోనూ జనం వెలుగును కాక పళ్లేన్ని తప్పుపడతారు. స్టీలు తన రంగును చూపదు, తన ఎదుట ఉన్నదాన్ని చూపిస్తుంది. ఎదుట ట్యూబులైటు, పంఖా, ఫొటో తీసే మనిషి మొహం ఉంటే అవే దానిలో ఉంటాయి. ఒక తెల్ల దుప్పటిని ఎత్తుగా పట్టి దాన్నే ప్రతిబింబించనిస్తే స్టీలు వెండిలా వస్తుంది. తరాలుగా మనం తింటున్నది స్టీలు పళ్లెంలోనే. ఫొటో కోసం దాన్ని దాచి పింగాణీ తెచ్చుకోవలసిన అవసరం లేదు.

రంగు విషయంలో మన వంటిళ్ల శత్రువు రెండు వెలుగుల కలయిక. కిటికీ వెలుగు ఒక రంగు, లోపలి దీపం మరో రంగు. మన ఇళ్లలో తెల్లటి దీపాలు చాలావరకు 6500 కెల్విన్ దగ్గర నీలిమ కలిసినవి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురముండే తెలుగువాళ్ల ఇళ్లలో 2700 కెల్విన్ పసుపు దీపాలే ఎక్కువ. రెండు చోట్లా కెమెరా వైట్ బ్యాలెన్స్ ఒక్క రంగునే సరిదిద్దగలదు, రెండింటిని కాదు. అన్నం ఒకపక్క నీలంగా, మరోపక్క పసుపుగా పడుతుంది. దీనికి మందు తేలిక: కిటికీ వాడితే దీపం ఆర్పేయాలి, దీపం వాడితే కిటికీ మూసేయాలి. ఇక దీపాల నాణ్యత చూసే సీఆర్ఐ అంకె గురించి ఒక హెచ్చరిక. ఆ అంకెను ఎనిమిది లేత రంగుల సగటు నుంచి లెక్కిస్తారు. చిక్కటి ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దాన్ని ఆర్9 అనే పేరుతో విడిగా కొలుస్తారు. సీఆర్ఐ బాగానే ఉన్న దీపం కింద కూడా ఆవకాయ ఇటుకపొడిలా కనిపించవచ్చు, ఆ దీపం ఆర్9 తక్కువైతే. కారంతో బతికే వంట మనది కనక దీపం కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఆర్9. మరొక చిక్కు అరిటాకుది. ఆకు తన పచ్చదనాన్ని పక్కనున్న అన్నం మీదికి విసురుతుంది. అన్నాన్ని తెల్లగా చెయ్యాలని మొత్తం ఫొటోను సరిదిద్దితే ఆకు ఊపిరి పోతుంది. ఆ కొద్దిపాటి పచ్చ ఛాయను అలాగే వదిలెయ్యాలని నేనంటాను. ఆకు మీద తిన్నవాళ్లు చూసేదీ అదే. తెల్లటి వంటలకు ఇంకొకటి ఉంది. కెమెరా మీటరు ఎదుటి దృశ్యాన్ని సగటున ఒక మధ్యస్థ బూడిద రంగుగా ఊహించుకుని లెక్క వేస్తుంది. ఫ్రేము నిండా ఇడ్లీలుంటే వాటిని బూడిద చేస్తుంది. ఎక్స్‌పోజరును అర మెట్టు నుంచి ఒక మెట్టు పెంచితే అవి మళ్లీ ఇడ్లీలవుతాయి.

ఇవన్నీ పాతకాలపు తిప్పలు, ఇవాళ ఫోనే అన్నీ చూసుకుంటుంది కదా అని అడిగేవారున్నారు. ఫోన్లు నిజంగానే అద్భుతంగా ఎదిగాయి. చీకట్లో కూడా గుర్తుపట్టగల ఫొటో ఇస్తాయి. అయితే వాటి తెలివి మొహాల కోసం, ఊళ్ల కోసం, సెలవు ఫొటోల కోసం దిద్దినది. హెచ్‌డీఆర్ పేరుతో అది రకరకాల ఎక్స్‌పోజర్లు కలిపి నీడలను పైకి లేపుతుంది, తళుకులను కిందికి దించుతుంది. మెరుపును నిలబెట్టేది ఏదో దాన్నే తుడిచేస్తుందన్నమాట. తెర మీద వంటను తాకి, ఫోకస్ బిగించి, వేలితో వెలుగును కొంచెం కిందికి లాగితే ఆ నష్టంలో చాలా భాగం తిరిగొస్తుంది. రెండో అభ్యంతరం మరింత బరువైంది. కిటికీ వెలుగు ఇల్లాలికీ పత్రికకూ సరిపోవచ్చు, సాయంత్రం ఏడింటికి తెరిచే టిఫిన్ బండికీ కర్రీ పాయింటుకూ కిటికీ ఎక్కడిది? నిజమే. కానీ కిటికీని కోరుకునేది పగటి వెలుగు కోసం కాదు, అది పక్కనుంచి, పెద్దదిగా, ఒకే రంగుతో వస్తుందని. ఆ మూడు గుణాలూ ఒక ఎల్‌ఈడీ ప్యానెల్‌కు తెల్ల గుడ్డ అడ్డం కట్టి, పళ్లేనికి పక్కగా కాస్త వెనగ్గా పెడితే రాత్రయినా వస్తాయి. తల మీది దీపం ఆర్పడం మరిచిపోకూడదు, అంతే.

కూర్పుకు వచ్చేసరికి అరువు తెచ్చుకునే ముందు ఆరా తీయాలి. ఫ్రేమును మూడు భాగాలు చెయ్యమనే సూత్రాన్ని ప్రకృతి ధర్మంలా చెబుతుంటారు. దాన్ని ఆ పేరుతో 1797లో రాసిపెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్లేయుడు, పల్లె దృశ్యాల చిత్రలేఖనం గురించిన పుస్తకంలో. ఆకాశం ఎంత, నేల ఎంత అన్న ప్రశ్నకు అది మంచి జవాబే. ఒక విస్తట్లో ఎనిమిది పదార్థాలుంటే దేన్ని మూడో వంతు గీత మీద పెట్టాలి? అక్కడ ఆ సూత్రానికి పని లేదు. అంతకంటే ఉపయోగపడేది ఎత్తు చూసి కోణం ఎంచుకోవడం. పెసరట్టు, సకినాలు, జొన్నరొట్టె చదునైనవి. నిట్టనిలువుగా పైనుంచి చూస్తే వాటి రూపం మొత్తం దొరుకుతుంది. బిర్యానీ, పులిహోర, లడ్డూలకు పొరలూ ఎత్తూ ఉన్నాయి. వాటిని పైనుంచి తీస్తే గుట్ట వలయంగా మారిపోతుంది. వాటికి కిందికి దిగాలి. గిన్నెలోని కూరకు, కూర్చుని తినే మనిషి కన్ను చూసే వాలు కోణం చక్కగా నప్పుతుంది. ఫోన్ ప్రధాన లెన్సు సాధారణంగా వెడల్పు లెన్సు. దాన్ని పళ్లెం మీదికి దగ్గరగా తీసుకుపోతే ముందున్న గారె గుమ్మడికాయంతా వెనకున్న గారె ఉసిరికాయంతా కనిపిస్తాయి. రెండడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడితే ఆకారాలు నిలుస్తాయి. డెలివరీ యాప్‌ల కోసం తీసేవారికి ఇంకో లెక్క ఉంది. అక్కడ ఫొటో బొటనవేలి గోరంత కనిపిస్తుంది. ఒక్క వంట, దగ్గరి చూపు, ఒక్క మెరుపు చాలు.

విస్తరి విషయంలో కూర్పు అంటే మర్యాద కూడా. మన ఆచారంలో ఆకు కొస తినేవారికి ఎడమవైపు వస్తుంది. ఇంటింటికీ ప్రాంతానికీ తేడాలున్నా అన్నం తినేవారికి దగ్గరి సగంలో, పచ్చళ్లూ కూరలూ అవతలి సగంలో ఉండటం పరిపాటి. పైనుంచి తీసే ఫొటోలో దిక్కు మరిచిపోవడం తేలిక, అందుకే పత్రికల్లో, హోటళ్ల గోడల మీద తలకిందులైన విస్తళ్లు ఎన్నో కనిపిస్తాయి. అలవాటున్న కన్ను ఆ తేడాను మాటల్లో చెప్పలేకపోవచ్చు, కానీ ఆ బొమ్మ ముందు కూర్చోలేదు. ఇది వట్టి పట్టింపు కాదనడానికి ఒక ఆధారం ఉంది. 2012లో ర్యాన్ ఎల్డర్, ఆరాధనా కృష్ణ అనే పరిశోధకులు తిండి పక్కనున్న చెంచానో ఫోర్కునో చూపరి వాడే చేతివైపు పెట్టి కొందరికి, ఎదుటి వైపు పెట్టి మరికొందరికి చూపించారు. చేతికి అందే వైపున్నప్పుడు దాన్ని కొనాలన్న కోరిక పెరిగింది. చూపరి ఆ చేత్తో వేరే ఏదో పట్టుకుని ఉంటే ఆ ప్రభావం నిలవలేదు. చూస్తున్నప్పుడే మనసు చెయ్యి చాపి తిని చూస్తుందని వాళ్ల వివరణ. మన భోజనంలో చెంచా లేదు, చెయ్యే ఉంది. అన్నం అంచు కుడిచేతికి తెరుచుకుని ఉండాలి, ముద్ద కలుపుకునే చోటు ఖాళీగా ఉండాలి, నెయ్యి గిన్నె దారికి అడ్డం రాకూడదు. చిత్రాన్ని ఎవరు తింటారో వాళ్ల వైపు నిలబడి కూర్చడమే ఇక్కడి సూత్రం. ఇది ఏ దిగుమతి పాఠంలోనూ దొరకదు.

మన వంటల్లో చాలావాటి రంగు గోధుమ, ముదురు గోధుమ, నలుపు. ఉలవచారు, నాటుకోడి పులుసు, రాగి సంగటి ఈ వరసలోవి. పాఠాలు చెప్పే మందు ఎర్ర గుడ్డ, పచ్చటి ఆకులు, రంగురంగుల గిన్నెలు. నా దృష్టిలో అది వంటకు సిగ్గుపడి దాని చుట్టూ తెరలు కట్టడమే. సంగటి ముద్ద సౌందర్యం రంగులో లేదు. తడి చేత్తో గుండ్రంగా చేసినప్పుడు దాని మీద నిలిచే పల్చటి మెరుపులో, నడుమ బొటనవేలితో చేసిన గుంతలో, ఆ గుంతలోంచి అంచు దాటబోయే పులుసులో ఉంది. వెనక పక్కనుంచి తక్కువ ఎత్తులో వెలుగు, వెనకాల ముద్ద కంటే ముదురైన చెక్కో రాయో, ముద్ద పక్కన ఓ చెయ్యి. చెయ్యి ఉంటే ముద్ద ఎంతదో తెలుస్తుంది. ఫొటోలో కొలతను పోగొట్టుకునే వస్తువుల్లో తిండి ముందుంటుంది. రాయలసీమ పల్లెలో రోజూ కనిపించే ఆ దృశ్యం ఏ దేశపు పత్రికలోనైనా నిలబడగలదు.

వడ్డన దగ్గర నా వాదానికి అసలైన పరీక్ష ఎదురవుతుంది, ఎందుకంటే ఇక్కడ ఆధారాలు నాకు ఎదురు చెబుతున్నట్టుంటాయి. 2011లో డెబ్రా జెల్నర్ బృందం అమెరికాలో ఒకే తిండిని కొందరికి పొందికగా సర్ది, మరికొందరికి చెదిరినట్టు పెట్టి రుచి అడిగింది. సర్దినదే బాగుందన్నారు. 2014లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన చార్లెస్ స్పెన్స్ సహచరులతో కలిసి ఒక సలాడ్‌ను చిత్రకారుడు కాండిన్స్కీ వర్ణచిత్రంలా పేర్చి వడ్డిస్తే, అవే పదార్థాలు మామూలుగా పెట్టినప్పటి కంటే రుచిగా ఉందన్నారు తిన్నవాళ్లు. మరి చేత్తో కలిపి, పప్పూ అన్నం ఒకటి చేసి, పులుసు ఆకు మీద పారించి తినే భోజనం ఫొటోలో గెలుస్తుందా? పైపైన చూస్తే గెలవదు. కానీ జెల్నర్ బృందం ఆలోచించిన కారణాన్ని గమనించాలి. పొందిక చూసినవారు దాన్ని వండినవాళ్ల శ్రద్ధకు గుర్తుగా తీసుకున్నారు. శ్రద్ధకు గుర్తు ప్రతి భోజన పద్ధతిలో ఒకేలా ఉండదు. పెద్ద పళ్లెం నడుమ చిన్న వంట, చుట్టూ గీసిన సాస్ గీత ఒక పద్ధతిలో శ్రద్ధ. కడిగిన ఆకు మీద నీటి చుక్కలు, ఒకదాన్ని ఒకటి తాకని పచ్చళ్లు, అన్నం మీద గరిటె అంచు వదిలిన గుర్తు, సరిగ్గా గుంతలోనే నిలిచిన నెయ్యి మన పద్ధతిలో శ్రద్ధ. పెళ్లి బంతిలో వడ్డించే మనిషి చేతివాటంలో ఉండే పొందిక తక్కువదేమీ కాదు. ఫొటో దాన్ని వెతికి పట్టుకోవాలే గాని, దాని స్థానంలో మరొకటి నాటకూడదు.

అందుకే ప్రతి వంట మీదా కొత్తిమీర చల్లే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. వంటలో లేనిది పైన కనిపిస్తే తెలిసినవాళ్లకు అది తప్పుగా తోస్తుంది, తెలియనివాళ్లకు వంట గురించి అబద్ధం చెబుతుంది. గోంగూర పచ్చడి మీద పచ్చి ఉల్లిపాయ ముక్క న్యాయం, ఎందుకంటే దాన్ని అలాగే నంజుకుంటారు. చక్రపొంగలి మీద జీడిపప్పు న్యాయం. పప్పు మీద చల్లాల్సింది దాని తాలింపే. ఎండుమిరప, ఆవాలు, కరివేపాకు నూనెలో నిగనిగలాడుతూ పైకి తేలితే దాన్ని మించిన అలంకరణ లేదు. అసలు వడ్డనలో ఎక్కువగా చెడగొట్టేది కాలం. దోసె నిమిషాల్లో మెత్తబడుతుంది, నెయ్యి పేరుకుంటుంది, కూర పైన మీగడలా పొర కడుతుంది, పెరుగన్నం బిగుస్తుంది. ముందుగా అదే కొలతకు మరో పళ్లెం పెట్టి వెలుగూ కోణమూ ఫోకసూ అన్నీ సరిచూసుకుని, వంట పొయ్యి దిగిన వెంటనే ఆ స్థానంలో పెట్టి తీయడం వృత్తిలో ఉన్నవారి పద్ధతి. ఇళ్లలో కూడా ఇది పాటించగలిగిందే. చల్లారిన కూర మీద అదే నూనె చుక్క రాయడం తప్పు కాదు. వంటలో ఉన్నదాన్నే మళ్లీ గుర్తుచేస్తున్నాం.

ఏది తప్పు అన్న గీత ఎక్కడుందో పాత కేసు ఒకటి చెబుతుంది. అమెరికాలో క్యాంప్‌బెల్ సూప్ ప్రకటనల్లో కూరగాయ ముక్కలు అడుగుకు పోకుండా పైకి కనిపించేలా గిన్నె అడుగున గాజు గోళీలు వేశారు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని పట్టుకుంది. 1970లో కంపెనీ ఇకపై అలా చెయ్యబోమని ఒప్పుకోవాల్సి వచ్చింది. ముక్కలు నిజమైనవే, సూప్ నిజమైనదే, కానీ ఎన్ని ముక్కలున్నాయన్నది అబద్ధం. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం ఇచ్చింది. ఫొటో అమ్మడానికే గాని సాక్ష్యం చెప్పడానికి కాదు కదా అనేవారికి నా జవాబు: కొన్నవాడు పొట్లం విప్పిన క్షణంలో ఆ ఫొటో సాక్ష్యమే అవుతుంది. కృత్రిమ మేధ గీసిన బొమ్మలు ఈ ప్రశ్నను మరింత పదును చేశాయి. వెలుగు, నిగారింపు, ఆవిరి అన్నీ అవి చక్కగా గీస్తాయి. వంట మాత్రం ఎక్కడా ఉండదు. 2024 ఆగస్టులో జొమాటో తన మెనూల్లో అలాంటి చిత్రాలు వద్దని ప్రకటించింది, వినియోగదారుల నమ్మకం దెబ్బతింటోందన్న ఫిర్యాదులే కారణంగా. చిన్న హోటలుకు ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకునే స్తోమత లేకనే కదా ఆ బొమ్మలు వాడుతున్నది అన్న మాటలో బాధ ఉంది. దాన్ని తోసిపుచ్చను. కానీ ఆ హోటలు తన సొంత పులిహోరను గుమ్మం దగ్గర పగటి వెలుగులో పెట్టి తీసుకోవడానికి అయ్యే ఖర్చు అయిదు నిమిషాలు.

పాలిష్ లేని తెలుగు వంట ప్రపంచం ముందు నిలవలేదన్న భయానికి జవాబు ఇప్పటికే వచ్చింది. గుంటూరు జిల్లా పల్లెలో మస్తానమ్మ పొలం గట్టున రాళ్ల పొయ్యి మీద వండుతుంటే ‘కంట్రీ ఫుడ్స్’ చానెల్‌లో దేశాలకు దేశాలు చూశాయి. 2018లో ఆమె కన్నుమూసే నాటికి ఆమె చేతి వంట ఎరిగినవాళ్లు లక్షల్లో ఉన్నారు. అక్కడ స్టూడియో దీపం లేదు. ఆకాశమే అతి పెద్ద, అతి మెత్తటి కిటికీ. గోరుతో వొలిచిన కూరగాయ, మసిబట్టిన కుండ, ఆకు మీద పడే తొలి గరిటె ఏవీ దాచుకోలేదు. ఆ వీడియోలను గ్రామీణ వింతగా చూసి వదిలేసినవారు వాటిలోని వెలుగును సరిగా చూడలేదని నా అభిప్రాయం.

ఇంకా ఎవరూ సరిగ్గా చేయని ఫొటో ఒకటి ఉంది. మన భోజనపు అసలు రుచి విడివిడి పదార్థాల్లో లేదు, కలిపిన ముద్దలో ఉంది. ముద్దపప్పు, వేడన్నం, ఆవకాయ, నెయ్యి కలిసినప్పుడు పుట్టే రంగు ఆ నాలుగింటిలో దేనిదీ కాదు. ఇప్పటి ఫొటోలన్నీ కలపడానికి ముందే ఆగిపోతాయి, కలిపింది చూడ్డానికి బాగుండదన్న నమ్మకంతో. విస్తట్లో మూడు వంతులు వడ్డించినది వడ్డించినట్టే ఉంచి, కుడివైపు ఒక్క మూల మాత్రం కలిపి, వేళ్లు ముద్దను ఎత్తబోయే చోట చూపును ఆపొచ్చు. కిటికీ వెలుగు ఎడమ వెనక నుంచి తక్కువ ఎత్తులో వస్తే మెతుకు మెతుకు మీదా నెయ్యి విడిగా మెరుస్తుంది, వేళ్ల మధ్య నీడ ఎరుపెక్కుతుంది. ఎక్స్‌పోజరు వేళ్ల కోసం కాదు, అన్నం కోసం చూసుకోవాలి. నెయ్యి పేరుకునే లోపు తీసెయ్యాలి.